ఆస్ట్రోనేషియన్ భాషా కుటుంబం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రోనేషియన్ భాషలు అని వేటిని అంటారు?

ఆఫ్రికా తీరానికి చేరువలో ఉన్న మడగాస్కర్ మొదలుకొని మలేషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, తైవాన్‌ల మీదుగా పసిఫిక్ మహాసముద్రంలోని హవాయీ, న్యూజిలాండ్, ఈస్టర్ దీవి దాకా వ్యాపించిన 1,200కు పైగా భాషలను కలిపి ఆస్ట్రోనేషియన్ కుటుంబం అంటారు. భాషల సంఖ్యలో దీన్ని మించినది ఆఫ్రికాలోని నైజర్-కాంగో కుటుంబం ఒక్కటే. ఐరోపావారి ఓడలు మహాసముద్రాలు దాటడానికి ముందు భూగోళం మీద ఇంత దూరం పరచుకున్న కుటుంబం మరొకటి లేదు. ఈ భాషలను మాట్లాడేవారు 30 కోట్లకు పైగా ఉన్నా, వారిలో అత్యధికులు జావానీస్, మలయ్-ఇండోనేషియన్, సుండనీస్, ఫిలిప్పీన్స్‌లోని తగలోగ్, సెబువానో, మడగాస్కర్‌లోని మలగాసీ వంటి కొద్దిపాటి పెద్ద భాషలకు చెందినవారే. మిగిలిన వాటిలో చాలా భాషలకు కొన్ని వేలమంది, కొన్నిటికి కొన్ని వందలమంది మాత్రమే ఉన్నారు. పసిఫిక్‌లోని వనువాటు దేశాన్నే తీసుకుంటే, జనాభా మూడు లక్షల చిల్లర, భాషలు నూటికి పైగా.

ఆస్ట్రోనేషియన్, ఆస్ట్రో-ఏషియాటిక్ ఒకటేనా?

కావు. పేర్లలోని పోలిక వల్ల ఈ రెండింటినీ తరచూ కలగలిపేస్తుంటారు కాబట్టి దీన్ని మొదట్లోనే తేల్చుకోవడం మంచిది. లాటిన్‌లో దక్షిణపు గాలికి ఉన్న ‘ఆస్టర్’ అనే మాటకు, గ్రీకులో దీవి అనే అర్థమున్న ‘నేసోస్’ను చేర్చి విల్‌హెల్మ్ ష్మిట్ అనే జర్మన్ పండితుడు ‘ఆస్ట్రోనేషియన్’ అన్న పేరు పెట్టారు. అంతకు ముందు ఈ భాషలను మలయో-పాలినేషియన్ అనేవారు. దక్షిణాసియా, ఆగ్నేయాసియాలలోని ఖ్మేర్, వియత్నామీస్, ఖాసీ, ముండా భాషల కూటమికి ‘ఆస్ట్రో-ఏషియాటిక్’ అని పేరు పెట్టిందీ ఆయనే. రెండూ కలిసి ‘ఆస్ట్రిక్’ అనే ఒకే మహాకుటుంబమని కూడా ఆయన ప్రతిపాదించారు గాని, ఆ మాట నేటికీ రుజువు కాలేదు.

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండలలో వినిపించే సవర భాష, గదబలలో ఒక వర్గంవారు మాట్లాడే గుతోబ్ భాష ముండా శాఖకు చెందినవి, అంటే ఆస్ట్రో-ఏషియాటిక్ భాషలు. గిడుగు వేంకట రామమూర్తి నేర్చుకొని, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన సవర భాషకు మలయ్ భాషతో రుజువైన చుట్టరికం ఏదీ లేదు. నికోబార్ దీవుల భాషలూ అంతే. సముద్రం మధ్యలో, ఇండోనేషియాకు కూతవేటు దూరంలో ఉన్నాయి కాబట్టి ఆస్ట్రోనేషియన్ అయి ఉంటాయని అనిపిస్తుంది గాని, అవి ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోనివి.

వేల మైళ్ళ దూరంలో ఉన్న భాషలు చుట్టాలని ఎలా తేలింది?

కన్నడం కొద్దిగా తెలిసిన తెలుగువారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మన పాలు వారికి హాలు, మన పులి హులి, మన పువ్వు హూవు. ఒక మాట పోలితే కాకతాళీయం అనుకోవచ్చు. కాని తెలుగులో ‘ప’ ఉన్నచోట కన్నడంలో ‘హ’ వరుసగా వస్తూ ఉంటే అది కాకతాళీయం కాదు, ఒకే మూలభాషలోని ధ్వని రెండు ఇళ్ళలో రెండు దారులు పట్టిందని అర్థం. కుటుంబాన్ని నిర్ధారించేది పోలిక కాదు, క్రమం తప్పని తేడా.

న్యూజిలాండ్‌లోని మావోరీ భాషనూ హవాయీ భాషనూ పక్కపక్కన పెట్టి చూడండి. మావోరీలో మూడుకు ‘తోరు’, హవాయీలో ‘కోలు’. నిషిద్ధమైన దానికి అక్కడ ‘తపు’, ఇక్కడ ‘కపు’. మనిషికి అక్కడ ‘తఙత’, ఇక్కడ ‘కనక’. మావోరీ ‘త’కు హవాయీలో ‘క’, ‘ర’కు ‘ల’, ‘ఙ’కు ‘న’. ఈ మూడు సూత్రాలు పట్టుకుంటే, ఒక భాషలోని మాట విని రెండో భాషలో అదెలా ఉంటుందో చాలాసార్లు ముందే చెప్పేయవచ్చు.

ఈ పరిశీలన పాతదే. డచ్చి నావికుడు ఫ్రెడరిక్ డి హౌట్‌మన్ 1603లోనే మలయ్, మలగాసీ మాటలతో ఒక పుస్తకం వేశారు. 1708లో హాడ్రియన్ రెలాండ్ అనే డచ్చి పండితుడు మడగాస్కర్ మాటలకూ, మలయ్ మాటలకూ, పసిఫిక్ దీవుల మాటలకూ ఉన్న సామ్యాన్ని ఎత్తిచూపారు. దాన్ని శాస్త్రంగా నిలబెట్టినది ఓటో డెంప్‌వోల్ఫ్. వృత్తిరీత్యా వైద్యుడైన ఆయన 1934–38 మధ్య మూడు సంపుటాలలో మూలభాష ధ్వనులను పునర్నిర్మించారు.

అన్ని భాషల్లోనూ కనిపించే మాటలు ఏమైనా ఉన్నాయా?

అన్నిటిలో కాకపోయినా చాలావాటిలో ఉన్నాయి. అందరూ చూపే ఉదాహరణ ‘లిమ’. మూలభాషలో చేయి అన్నా అయిదు అన్నా ఇదే మాట. ఒక చేతికి వేళ్ళు అయిదు కాబట్టి దీనికి వేరే వివరణ అక్కర్లేదు. తైవాన్ కొండలలోని పైవాన్ భాషలో నేటికీ రెండర్థాలూ ఉన్నాయి. మలయ్, తగలోగ్ భాషలలో ‘లిమ’ అంటే అయిదు మాత్రమే, చేతికి వేరే మాటలు వచ్చాయి. మడగాస్కర్‌లో అది ‘దిమీ’ అయింది. అక్కడి నుంచి భూగోళంలో సగానికి పైగా దూరాన ఉన్న ఈస్టర్ దీవిలో ‘రిమ’గా, మళ్ళీ చేయి, అయిదు అనే రెండర్థాలతో కనిపిస్తుంది.

కంటికి మలయ్, తగలోగ్, ఫిజీ, మావోరీ భాషలలో ‘మత’, హవాయీలో ‘మక’, మలగాసీలో ‘మసు’. మూడుకు జావానీస్‌లో ‘తెలు’, మలగాసీలో ‘తెలు’, ఫిజీలో ‘తోలు’. విచిత్రమేమిటంటే, కుటుంబమంతటిలోనూ బాగా పేరున్న మలయ్ భాష ఈ మాటను పోగొట్టుకొని ‘తిగ’ అనే మరో మాట తెచ్చుకుంది. పేరున్న భాషే పాత సొత్తును ఎక్కువగా దాచిపెడుతుందని అనుకోవడానికి వీల్లేదు.

మలయ్, ఇండోనేషియన్ భాషలలో ఇన్ని సంస్కృత మాటలున్నాయి కదా, అవి మన భాషలకు చుట్టాలా?

తెలుగు పాఠకుల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. చుట్టాలు కావు. భాషకు ‘బహస’, భర్తకు ‘సువామి’, భార్యకు ‘ఇస్త్రి’, పాపానికి ‘దోస’, ఉపవాసానికి ‘పువాస’, దేశానికి ‘నెగర’ అని వినగానే మనకు సొంతింటికి వచ్చినట్టు ఉంటుంది. ఇవన్నీ వర్తకం, బౌద్ధ శైవాది మతాలు, రాజాస్థానాల వెంట వెళ్ళిన ఎరువు మాటలు. తెలుగులో బల్బు, బస్సు, స్కూలు అంటున్నామని తెలుగు ఇంగ్లీషుకు చుట్టమైపోదు కదా.

సంఖ్యలు, శరీర భాగాలు, సర్వనామాలు సులభంగా ఎరువు రావని, చుట్టరికం తేల్చాలంటే వాటినే చూడాలని సాధారణంగా చెబుతారు. ఆ సలహా మంచిదే గాని దాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. మలయ్‌లో తలకు ఇప్పుడున్న మాట ‘కెపల’, అంటే మన కపాలమే. ముఖానికి మలయ్‌లో ‘ముక’, తగలోగ్‌లో ‘ముఖ’. శరీర భాగాలే ఎరువు వచ్చాయి. అయితే ‘కపాల’ కుటుంబంలోని మిగతా భాషల్లో క్రమమైన ధ్వని మార్పులతో కనిపించదు. తలకు తగలోగ్‌లో ‘ఉలో’, టోంగాలో ‘ఉలు’, మలగాసీలో ‘లుహ’. ఇవి మాత్రం ఒకే మూలానికి చెందినవని ధ్వని సూత్రాలు చెబుతాయి. దాని మలయ్ రూపం ‘హులు’ తల అనే అర్థం వదులుకొని, నది ఎగువ భాగం, కత్తి పిడి అనే అర్థాలలో మిగిలింది.

ద్రావిడ భాషల నుంచి కూడా మలయ్‌లోకి మాటలు వెళ్ళాయి. ఓడకు ‘కపల్’ తమిళ కప్పల్ నుంచి, దుకాణానికి ‘కెడై’ తమిళ కడై నుంచి వచ్చాయి. పెట్టెకు ‘పెతి’, నగరానికి ‘కోత’ అనే మాటలను మనం వినగానే పోల్చుకుంటాం.

ఈ కుటుంబానికి పుట్టిల్లు ఏది?

ఎక్కువమంది పండితులు ఒప్పుకునే జవాబు తైవాన్. భాషా శాస్త్రవేత్త రాబర్ట్ బ్లస్ట్ 1999లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం ఆస్ట్రోనేషియన్ కుటుంబం మొదటి మెట్టులోనే పది శాఖలుగా చీలింది. వాటిలో తొమ్మిది తైవాన్‌లోనే ఉన్నాయి. తైవాన్ బయట ఉన్న భాషలన్నీ, అంటే మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి దాకా ఉన్న వేయికి పైగా భాషలు, మిగిలిన ఆ ఒక్క మలయో-పాలినేషియన్ శాఖలోనివే. పది వాటాలైన ఆస్తిలో తొమ్మిది వాటాలవారు ఒకే ఊరిలో కాపురముంటూ, పదో వాటావారు మాత్రం దేశాలమ్మట పోయి ఉంటే, ఉమ్మడి కుటుంబం మొదట ఉన్నది ఏ ఊరిలోనో ఎవరైనా ఊహించగలరు. ఇక్కడి తర్కమూ అదే.

శాఖలు సరిగ్గా పదేనా అన్నదాని మీద వాదాలున్నాయి. మాల్కం రాస్, లారాన్ సగార్ వంటివారు తైవాన్ భాషలను వేరే విధంగా పేర్చారు. అయితే వారి చెట్లలో కూడా వేళ్ళు తైవాన్‌లోనే ఉన్నాయి. 2009లో ఆక్లండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 400 భాషల మౌలిక పదజాలాన్ని కంప్యూటర్ లెక్కలతో పోల్చి, ఈ విస్తరణ సుమారు 5,200 ఏళ్ళ క్రితం తైవాన్ నుంచి మొదలైందని చెప్పారు. భాషతో సంబంధం లేని సాక్ష్యం ఒకటి 2015లో వచ్చింది. పసిఫిక్ దీవులవారు బెరడుతో ‘తప’ అనే బట్ట చేసుకునే కాగితపు మల్బరీ చెట్టు జన్యువులను పరిశీలిస్తే, ఆ దీవులలోని చెట్ల వంశం తైవాన్‌కు చేరింది. పిలకలు వెంట తీసుకువెళ్ళి నాటుకుంటేనే తప్ప ఆ చెట్టు అంత దూరం పోయి ఉండదు.

తైవాన్ దాటిన తరువాత శాఖలు ఎలా విడిపోయాయి?

సుమారు నాలుగు వేల ఏళ్ళ క్రితం వలస ఫిలిప్పీన్స్ చేరింది. తైవాన్‌కు ఆగ్నేయంగా ఉన్న లాన్‌యూ దీవిలోని యామీ భాష ఇక్కడ కాస్త తికమక పెడుతుంది. పరిపాలన ప్రకారం ఆ దీవి తైవాన్‌దే అయినా, భాష మాత్రం ఫిలిప్పీన్స్ ఉత్తర కొసన ఉన్న బతానెస్ దీవుల భాషలకు దగ్గరి చుట్టం.

ఫిలిప్పీన్స్, బోర్నియో, సుమత్రా, జావా, సులావేసీల భాషలన్నిటినీ ‘పశ్చిమ మలయో-పాలినేషియన్’ అని ఒక మూటగా కట్టడం పాత పుస్తకాలలో కనిపిస్తుంది. అది సౌకర్యం కోసం పెట్టుకున్న పేరే తప్ప, వీటన్నిటికీ వేరుగా ఒక ఉమ్మడి మూలభాష ఉండేదని ఎవరూ చూపలేకపోయారు. దాని బదులు చిన్న చిన్న గట్టి శాఖలను గుర్తించడమే మంచిది. మలయ్‌తో పాటు వియత్నాం, కంబోడియాలలోని చామ్ భాషలూ ఒక కొమ్మకు చెందినవి. బుగిస్, మకస్సార్ భాషలు దక్షిణ సులావేసీ శాఖవి. బతక్, నియాస్ భాషలు సుమత్రా వైపువి.

చామ్ భాషల కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. మధ్య వియత్నాంలోని చంపా రాజ్యం నుంచి వెళ్ళి చైనాలోని హైనాన్ దీవిలో స్థిరపడిన ముస్లిములు త్సాత్ అనే భాష మాట్లాడతారు. చుట్టూ ఉన్న భాషల ప్రభావంతో అది మాటలను కుదించుకొని, స్వరభేదంతో అర్థం మారే భాషగా తయారైంది. పైకి వింటే చైనా భాషలాగే ఉంటుంది, లోపల ఎముకలు మాత్రం ఆస్ట్రోనేషియన్‌వి.

తూర్పున ఓషియానిక్ శాఖ ఉంది. న్యూగినీ పక్కనున్న బిస్మార్క్ దీవుల దగ్గర రూపుదిద్దుకొని, 450కి పైగా భాషలుగా విస్తరించిన శాఖ ఇది. దాదాపు మూడు వేల ఏళ్ళ క్రితం, లపిత అనే చుక్కల నగిషీ కుండలతో పాటు ఈ భాషలు టోంగా, సమోవాల దాకా వెళ్ళాయని పురావస్తు శాస్త్రం చూపుతోంది. సమోవన్, టోంగన్, తాహితియన్, మావోరీ, హవాయీ భాషలున్న పాలినేషియన్ గుంపు అందులో ఒక చిన్న రెమ్మ మాత్రమే. న్యూజిలాండ్‌కు మనుషులు చేరింది క్రీ.శ. 13వ శతాబ్దం ప్రాంతంలో, అంటే ఓరుగల్లులో కాకతీయులు ఏలుతున్న రోజులలో. గువాం దీవి భాష చమోరో, పలావ్ దీవుల భాష మాత్రం పసిఫిక్‌లోనే ఉన్నా ఓషియానిక్ శాఖలోకి రావు.

మడగాస్కర్‌కు ఈ భాష ఎలా వెళ్ళింది?

నావల మీద, హిందూ మహాసముద్రం దాటి, క్రీ.శ. మొదటి సహస్రాబ్దిలో. మలగాసీకి అత్యంత సమీప బంధువు దక్షిణ బోర్నియోలోని బరితో నది లోయలో మాట్లాడే మఆన్యాన్ భాష అని నార్వే పండితుడు ఓటో క్రిస్టియన్ డాల్ 1951లో నిరూపించారు. మఆన్యాన్‌లు నేడు నది ఒడ్డు రైతులు, సముద్ర ప్రయాణికులు కారు. అందువల్ల మలయ్ నావికుల ఓడలలో వారి పూర్వికులు వెళ్ళి ఉంటారని పలువురి అభిప్రాయం.

ఇక్కడ ఎరువు మాటలే గడియారంలా పనికొస్తాయి. మలగాసీలో సంస్కృత మాటలు కొన్ని ఉన్నాయి, అయితే మలయ్‌లో ఉన్నన్ని లేవు. కాబట్టి భారతీయ ప్రభావం ఆ దీవులకు చేరిన తరువాత, అది బాగా ముదరక ముందే వీరు బయలుదేరి ఉండాలి. ఇక పశువుకు ‘ఊంబి’, కోడికి ‘అకూహు’ అనే మాటలు ఆఫ్రికాలోని బంటూ భాషల నుంచి వచ్చాయి. దాన్నిబట్టి పెంపుడు జంతువుల విషయంలో ఎవరి దగ్గర ఏమి నేర్చుకున్నారో కూడా తెలుస్తుంది.

వ్యాకరణంలో తెలుగువారికి తెలిసినట్టు అనిపించేవి ఏవి, కొత్తగా అనిపించేవి ఏవి?

మనం, మేము అనే తేడాను హిందీవారికీ ఇంగ్లీషువారికీ వివరించాలంటే మనకు తలప్రాణం తోకకు వస్తుంది. మలయ్ మాట్లాడేవారికి ఒక్క మాటలో చెప్పవచ్చు: మనం అంటే ‘కిత’, మేము అంటే ‘కమి’. తగలోగ్‌లో ‘తాయో’, ‘కమి’. మావోరీ ఇంకో మెట్టు ఎక్కింది. నువ్వూ నేనూ ఇద్దరమే అయితే ‘తావువ’, నిన్ను వదిలి మేమిద్దరం అయితే ‘మావువ’, అంతకు మించి ఉంటే ‘తాతోవు’, ‘మాతోవు’. ఈ సామ్యం చుట్టరికానికి గుర్తు కాదు. రెండు కుటుంబాలూ ఎవరికి వారు పెట్టుకున్న ఏర్పాటు.

మర్యాద విషయంలో జావానీస్ మనల్ని మించిపోయింది. తిను, భోంచేయు, ఆరగించు అని మనం కొన్ని క్రియలకే మెట్లు పెట్టుకున్నాం. వారు తినడానికి ‘మఙన్’, ‘నెడా’, ‘డహర్’ అనే మూడు మాటలు పెట్టుకోవడమే కాక, ఎదుటివారి హోదాను బట్టి వాక్యంలోని మాటలను దాదాపు అన్నిటినీ మార్చేస్తారు.

పూర్తిగా కొత్తగా అనిపించేది తగలోగ్ క్రియ. కొనడం అనే అర్థమిచ్చే ‘బిలి’ ధాతువు కడుపులోకి ‘ఉమ్’ అనే ప్రత్యయాన్ని దూరిస్తే ‘బుమిలి’ అవుతుంది, అప్పుడు వాక్యం కొన్న మనిషి చుట్టూ తిరుగుతుంది. అదే చోట ‘ఇన్’ దూరిస్తే ‘బినిలి’, అప్పుడు వాక్యానికి కొన్న వస్తువు కేంద్రమవుతుంది. ఎక్కడ కొన్నామన్నది ముఖ్యమైతే ‘బినిల్హన్’, ఎవరి కోసమన్నది ముఖ్యమైతే ‘ఇబినిలి’. మనం విభక్తులతో నామవాచకాల దగ్గర చేసే పనిలో కొంత భాగాన్ని వారు క్రియలోనే ముగిస్తారు. మొదటి అక్షరాన్ని రెట్టించి ‘బిబిలి’ అంటే ‘కొంటాడు’ అని రాబోయే కాలం.

ఈ భాషలకు సొంత లిపులు ఉన్నాయా?

నేడు చాలావరకు రోమన్ లిపినే వాడుతున్నారు గాని, పాత లిపులకు మూలం మన దక్షిణ భారతమే. బోర్నియో తూర్పున ఉన్న కుతాయ్‌లో మూలవర్మ అనే రాజు వేయించిన యూప స్తంభాల శాసనాలు సంస్కృతంలో, పల్లవ లిపిలో ఉన్నాయి. స్థానిక భాషలో దొరికిన వాటిలో అతి పాతది వియత్నాంలోని చామ్ శాసనం, దాన్ని 4వ శతాబ్దానిదిగా భావిస్తారు. సుమత్రాలోని పాలెంబాంగ్ దగ్గర దొరికిన కెడుకాన్ బుకిత్ శాసనం శక సంవత్సరం 605 నాటి ప్రాచీన మలయ్ శాసనం. పల్లవ లిపి నుంచి ‘కవి’ అనే లిపి, దాని నుంచి జావా, బాలి లిపులు పుట్టాయి. తెలుగు-కన్నడ లిపిదీ దక్షిణ బ్రాహ్మి వంశమే కాబట్టి, జావా లిపి పద్ధతి మనకు ఇట్టే అర్థమవుతుంది. హల్లులో ‘అ’కారం కలిసే ఉంటుంది, మిగతా అచ్చులకు గుర్తులున్నాయి, జంట హల్లు వస్తే రెండోదాన్ని కింద రాస్తారు. మనం ఒత్తు అనేదాన్ని వారు ‘పసంగన్’ అంటారు.

తెలుగులోకి ఈ భాషల మాటలు వచ్చాయా?

కొన్ని వచ్చాయి, చాలావరకు చుట్టుతిరుగుడు దారుల్లో. సగ్గుబియ్యంలోని ‘సగ్గు’ మలయ్‌లోని ‘సగు’. అక్కడ అది ఒక జాతి తాటిచెట్టు మాను లోపలి పిండి. మన దగ్గర సగ్గుబియ్యం కర్రపెండలం నుంచి చేస్తారు కాబట్టి, మాట మాత్రమే చెట్టును వదిలి వచ్చింది. ‘టాటూ’ పాలినేషియన్ ‘తతవు’ నుంచి, ‘ఒరాంగుటాన్’ మలయ్‌లో అడవి మనిషి అనే మాట నుంచి ఇంగ్లీషు ద్వారా వచ్చాయి. మనం రోజూ తెరిచే వికీపీడియాలోని ‘వికీ’ హవాయీ భాషలో ‘త్వరగా’ అనే మాట.

అన్నిటికన్నా ముచ్చటైనది గోడౌన్. మలయ్ ‘గుదంగ్’ నుంచి పోర్చుగీసువారి నోట పడి ఇంగ్లీషులోకి వచ్చిన మాట ఇది. ఆ ‘గుదంగ్’ను నిఘంటుకారులు మన ‘గిడ్డంగి’తోనూ తమిళ ‘కిడంగు’తోనూ ముడిపెడతారు. అంటే మన గిడ్డంగే సముద్రం దాటి, వేషం మార్చుకొని తిరిగి వచ్చి, గిడ్డంగి పక్కనే గోడౌన్‌గా నిలబడిందన్నమాట.

మనుషులు కూడా వెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు పోయిన కూలీలలో తెలుగువారున్నారు, మలేషియా రబ్బరు, కొబ్బరి తోటలకు పోయినవారూ ఉన్నారు.

న్యూగినీలోని పాపువా భాషలు, ఆస్ట్రేలియా ఆదివాసుల భాషలు ఇందులోకి వస్తాయా?

రావు. ఆస్ట్రోనేషియన్‌లు వచ్చేసరికి ఆ నేలల మీద పదుల వేల ఏళ్ళుగా జనం ఉన్నారు. పాపువా భాషలు అన్నది కూడా ఒక కుటుంబం పేరు కాదు, పరస్పరం సంబంధం తేలని అనేక కుటుంబాలకు కలిపి పెట్టిన పేరు.

ఈ భాషల నేటి పరిస్థితి ఏమిటి?

ఒకే తీరుగా లేదు. 1928 అక్టోబరు 28న ఇండోనేషియా యువజనులు చేసిన ప్రతిజ్ఞలో, ఎక్కువమంది మాట్లాడే జావానీస్‌ను కాదని, కొద్దిమందికే మాతృభాష అయిన మలయ్‌ను ఇండోనేషియన్ అనే పేరుతో ఉమ్మడి భాషగా ఎంచుకున్నారు. నా ఉద్దేశంలో 20వ శతాబ్దపు భాషా నిర్ణయాలలో అంత దూరదృష్టి గలది మరొకటి కనిపించదు. ఆ విజయం నీడలోనే వందలాది చిన్న భాషలు చిక్కిపోతున్నాయన్నదీ నిజమే.

హవాయీలో 1896 నాటి చట్టం బడి నుంచి స్థానిక భాషను వెళ్ళగొట్టింది. 1978లో అది అధికార భాష అయ్యేసరికి మాతృభాషగా మాట్లాడేవారిలో ఎక్కువగా వృద్ధులే మిగిలారు. న్యూజిలాండ్‌లో 1982లో మొదలైన కోహంగ రేఓ, అంటే ‘భాషా గూళ్ళు’ అనే పసిపిల్లల బడులలో మావోరీ తప్ప మరో భాష వినిపించదు. హవాయీవారు ఆ నమూనానే తెచ్చుకున్నారు. కుటుంబానికి తొమ్మిది వాటాలున్న తైవాన్‌లో ఆదివాసులు జనాభాలో సుమారు రెండున్నర శాతమే. అక్కడి సిరాయ భాష వాడుకలోంచి పోయి తరాలు గడిచాయి. 1661లో డచ్చి మతాచార్యులు అచ్చు వేసిన మత్తయి సువార్త అనువాదం ఆధారంగా వారి వారసులు ఇప్పుడు దాన్ని మళ్ళీ కూర్చుకుంటున్నారు. 2017లో తైవాన్ ఆదివాసీ భాషల అభివృద్ధికి చట్టం చేసింది.

ఒక ఆస్ట్రోనేషియన్ భాష నేర్చుకోవాలంటే తెలుగువారు దేనితో మొదలుపెట్టడం మేలు?

ఇండోనేషియన్‌తో. లింగభేదం లేదు, కాలాన్ని బట్టి క్రియ మారదు, రాసినట్టే చదవవచ్చు, సంస్కృత మాటలు చెయ్యి అందిస్తాయి. ఒక్కచోట మాత్రం తొలి రోజులలో అందరూ తడబడతారు. నిఘంటువులో మాటలు వాడుక రూపంలో కాక ధాతువు కింద ఉంటాయి, పైగా ‘మె-’ అనే ఉపసర్గ చేరినప్పుడు ధాతువు మొదటి హల్లు మారిపోతుంది. ఊడ్చడానికి ‘మెన్యాపు’ అని విని ‘మ’ పుటలలో వెదికితే కనిపించదు. ‘స’లో ‘సపు’ కింద, చీపురు అనే అర్థం పక్కనే దొరుకుతుంది.